జపాను సినిమాలో మన మిల్లు గేటు

పోయిన వానాకాలం ఒక ఆదివారం మధ్యాహ్నం మా మనుమరాలు ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "నానమ్మా, నువ్వు పనిచేసిన ఖాతా అసుంటిదే జపానుల గూడ ఉన్నది, సూడు" అన్నది. నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. అద్దాలు పెట్టుకొని చూస్తే నలుపు తెలుపు బొమ్మ. వరుసగా చక్రాలు తిరుగుతున్నాయి. ఆ చక్రాల దగ్గర వరుసగా ఆడవాళ్ళు. ఎవరూ తల ఎత్తడం లేదు, చేతులు మాత్రం ఆగడం లేదు. చాట పక్కకు జరిపేశాను.

నేను షోలాపూర్‌లో మిల్లు మూతబడేదాకా వైండింగ్ ఖాతాలో చేసినదాన్ని. బాబిన్ మీది నూలు కోను మీదికి ఎక్కించడం మా పని. పోగు తెగితే ముడి వేయాలి. ముడి లావైతే అక్కడ సాంచా మీద మళ్ళీ తెగుతుంది, జాబర్ వచ్చి తిడతాడు. మిల్లు పోయిన తర్వాత టవల్ కార్ఖానాలో కండెలు చుట్టాను, ఇంట్లో బీడీలు చుట్టాను. నా బతుకంతా ఏదో ఒకటి చుట్టడమే. అందుకని ఆ జపాను ఆడవాళ్ళ చేతులు చూడగానే ఏం పనో చెప్పగలిగాను. వాళ్ళది పట్టు, మాది పత్తి. అంతే తేడా.

ఆ సినిమా పేరుకు తెలుగులో 'ఒక్కగానొక్క కొడుకు' అని అర్థం. జపానులో 'హితోరి ముసుకో' అంటారట. తీసినది యసుజిరో ఓజు అనే ఆయన, 1936లో. ఆయన తీసిన మొదటి మాటల సినిమా ఇదే. అంతకు ముందు తీసినవన్నీ మూగ సినిమాలు. జపాను సినిమా అంటే అందరూ కురొసావా పేరే చెబుతారు. మా మనుమరాలికి కూడా కాలేజీలో మొదట చూపించినది ఆయన 'ఏడుగురు సమురాయిలు'. 1954 నాటిది, మూడు గంటలు దాటి ఉంటుంది. రైతులు దొంగల బాధ పడలేక, తిండి పెడతాం కాపాడండి అని కత్తివీరులను పిలుచుకొస్తారు. మన 'షోలే'కు అది అమ్మమ్మ లాంటిది. నాకూ చూపించింది గాని మొదటి గంటలోనే నిద్రపోయాను. చివర్లో వానలో, బురదలో కొట్లాట వచ్చినప్పుడు లేచాను. అది మాత్రం బాగుంది. కాని నాకు కావలసిన సినిమా అది కాదు.

నాకు నాలుగో తరగతి చదువు. తెలుగు, మరాఠీ చదువుతాను, ఇంగ్లీషు రాదు. ఆ సినిమాల్లో కింద ఇంగ్లీషులో అక్షరాలు పడతాయి. మనుమరాలు వాటిని చదివి సగం తెలుగులో, సగం మరాఠీలో చెబుతుంది. ఇలా ఆదివారం ఆదివారం చూసుకుంటూ వచ్చాం. ఒకటి చూస్తే ఆగేదాన్నేమో, ఆ 'ఒక్కగానొక్క కొడుకు' చివర ఆ పిల్ల నన్ను ఒక మాట అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఆ మాట తర్వాత చెబుతాను, ముందు కథ చెప్పనివ్వండి.

1923వ సంవత్సరం. షిన్షూ అనే కొండల ప్రాంతం. భర్త లేని ఒక ఆమె పట్టు మిల్లులో పనిచేసి కొడుకును సాకుతుంటుంది. ఆమె పేరు త్సునే. కొడుకు బడిలో తెలివిగలవాడు. ప్రైమరీ అయిపోయింది, ఆ పైన చదివించే శక్తి తల్లికి లేదు. వాడు మాత్రం పంతులుతో, "మా అమ్మ నన్ను పై చదువుకు పంపిస్తానన్నది" అని చెప్పేస్తాడు. పంతులు సంబరపడి ఇంటికి వచ్చి తల్లిని మెచ్చుకుంటాడు. ఆయన పోయాక తల్లి వాణ్ణి చెంప మీద కొడుతుంది. ఆ తర్వాత తనే కూర్చొని ఆలోచించుకొని, చదువుకో, నువ్వు గొప్పవాడివి కావాలి, నా సంగతి చూడకు అంటుంది. అక్కడ నేను ఫోను ఆపమన్నాను. మా ఇంట్లోనూ ఒక రాత్రి ఇలాగే గడిచింది. మా ఆయన పోయిన మూడో ఏడు, మావాడు పదో తరగతి పాసై పాలిటెక్నిక్ అన్న రాత్రి. నేను చెయ్యి చేసుకోలేదు. కాని ఆమె ముఖంలో ఉన్న లెక్క, ఎన్ని బీడీలు చుడితే ఎంత వస్తుంది అనే లెక్క, నా ముఖంలోనూ ఉండే ఉంటుంది.

తర్వాత సినిమా పదమూడేళ్ళు దాటుతుంది. తల్లి జుట్టు నెరిసింది. కొడుకును చూద్దామని మొదటిసారి టోక్యో పోతుంది. పోయి చూస్తే కొడుక్కు పెళ్ళయింది, పసిబిడ్డ ఉన్నాడు. ఆమెకు ఆ సంగతే తెలియదు. ఉద్యోగం ఏమిటంటే రాత్రి బడిలో పాఠాలు చెప్పడం. ఇల్లు ఎక్కడంటే ఊరి చివర, చెత్త కాల్చే పొగ గొట్టాలు కనబడేచోట. పక్కింటి యంత్రాల చప్పుడు రాత్రంతా వినబడుతుంది. వాడు తోటి పంతుళ్ళ దగ్గర అప్పు చేసి తల్లిని తిప్పుతాడు, సినిమాకు తీసుకుపోతాడు. అది మాటలు వచ్చే సినిమా అని వాడి సంబరం. తల్లి అందులో కునుకు తీస్తుంది (ఇక్కడ మనుమరాలు నా వైపు చూసి నవ్వింది). చిన్నప్పుడు వాణ్ణి చదివించమని చెప్పిన పంతులు కూడా టోక్యోలోనే ఉన్నాడు. పెద్ద చదువులు చదవాలని ఆశపడి పోయినవాడు. ఇప్పుడు పంది మాంసం వేపి అమ్మే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. దుకాణం పెట్టడం తప్పని కాదు. కాని గుమ్మం దగ్గర ఆయన ఇద్దరినీ చూసి నవ్వే నవ్వు చూస్తే కడుపులో ఏదో అవుతుంది.

ఒక పగలు తల్లీ కొడుకూ ఖాళీ మైదానంలో కూర్చుంటారు. ఎదురుగా ఆ చెత్త కాల్చే గొట్టాలు. వాడు, "అమ్మా, నన్ను చూసి నీ మనసు విరిగింది కదా" అన్నట్టు మాట్లాడతాడు. ఆమె, ఇంకా వయసుంది, ఇప్పుడే మొదలు కదా అని ఏదో సర్ది చెబుతుంది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టదు. లేచి కూర్చుంటుంది. నువ్వు ఇంతటితో సరిపెట్టుకుంటావా అని నిలదీస్తుంది. అప్పుడు బయట పెడుతుంది: ఇల్లు అమ్మేసింది, మల్బరీ తోట అమ్మేసింది, ఇప్పుడు మిల్లు వాళ్ళ కోలీలో ఉంటున్నది. ఇంతకాలం కొడుక్కు చెప్పలేదు. పక్క గదిలో కోడలు విని ఏడుస్తుంటుంది. ఓజు అప్పుడు ఎవరి ముఖమూ చూపించడు. గది మూలను చూపించి అట్లాగే ఉంచుతాడు. ఎంతసేపు ఉంచుతాడంటే, మనుమరాలు ఫోను ఆగిపోయిందేమోనని వేలితో తట్టింది. ఆగలేదు.

ఓజు సినిమాల్లో కెమెరా నేల మీద చాప వేసుకొని కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తులో ఉంటుంది. దీని గురించి పెద్ద పెద్దవాళ్ళు పుస్తకాలు రాశారని మనుమరాలు చెప్పింది. నాకు వింతగా అనిపించలేదు. ఒక్క గది ఇంట్లో పుట్టి, నేల మీద కూర్చొని బీడీలు చుట్టి, నేల మీదే తిని పడుకున్నవాళ్ళకు లోకం అట్లనే కదా కనబడేది. ఆయన సినిమాల్లో ఆరేసిన బట్టలు, పొగ గొట్టాలు మాటిమాటికీ వస్తాయి. మా పూర్వ భాగంలో కూడా ఎటు చూసినా అవే ఉండేవి. ఇప్పుడు బట్టలు ఉన్నాయి, గొట్టాలే కూలగొడుతున్నారు.

ఆ పట్టు మిల్లుల సంగతి నాకు ఇంకా తెలుసుకోవాలనిపించింది. మనుమరాలు వెతికి ఇంకొక సినిమా తెచ్చింది. 'ఆ నోముగి తోగె', అంటే 'అయ్యో, నోముగి కనుమ' అనుకోవచ్చు. 1979లో సత్సువో యమమోతో తీశాడు. మన దగ్గర దీని పేరు విన్నవాళ్ళు తక్కువ. మిల్లు మనుషులు ఎవరైనా ఒక్క జపాను సినిమా చూస్తాను అంటే నేను దీన్నే చూడమంటాను.

హిదా అనే కొండ ఊళ్ళ నుంచి పన్నెండు పదమూడేళ్ళ ఆడపిల్లలు గుంపులు గుంపులుగా నడిచి ఒకాయ అనే ఊరి పట్టు మిల్లులకు పోయేవారు. దారిలో నోముగి కనుమ దాటాలి. 1,672 మీటర్ల ఎత్తు. మంచులో పిల్లలు ఒకరి నడుముకు ఒకరు గుడ్డ కట్టుకొని నడుస్తారు. కాలు జారితే లోయలోకి పోవడమే. తల్లిదండ్రులకు ముందే బయానా ఇచ్చి మిల్లువాళ్ళు కాగితం రాయించుకునేవారు. ఆ కాగితం మీద వేలిముద్ర పడితే పిల్ల ఇక మిల్లుదే.

పని ఎట్లా ఉంటుందంటే, పట్టుగూళ్ళను వేడినీళ్ళలో వేస్తారు. మెత్తబడ్డాక పోగు కొస వెతికి పట్టుకోవాలి. ఒక్క గూటి పోగు కంటికి ఆనదు. అందుకని కొన్ని గూళ్ళ పోగులు కలిపి ఒక దారం చేసి చక్రానికి ఎక్కిస్తారు. ఒక గూడు అయిపోతే వెంటనే ఇంకొక గూటి కొస అందించాలి. లేకపోతే దారం అక్కడ సన్నబడుతుంది. చేతులు పొద్దంతా ఆ వేడినీళ్ళలోనే. గది నిండా ఆవిరి, లోపలి పురుగుల వాసన. మా ఖాతాలో ఆవిరి లేదు, రూ ఉండేది. ముక్కులో, కనురెప్పల మీద, అన్నం డబ్బాలో రూ. సాయంత్రం భోంగా మోగి బయటికి వస్తే మేమందరం ముసలమ్మల లాగా తెల్లగా ఉండేవాళ్ళం.

ఆ మిల్లుల కూలి లెక్క వినండి. ప్రతి పిల్ల దారాన్నీ పరీక్ష చేస్తారు. సమంగా ఉన్న దారం తీసినదానికి బహుమానం, లేనిదానికి కోత. బహుమానం యజమాని జేబులోంచి రాదు. ఈ పిల్ల దగ్గర కోసినదే ఆ పిల్లకు ఇస్తారు. అందుకని పక్కన కూర్చున్నదే శత్రువు అవుతుంది. ఏడాదికి నూరు యెన్‌లు సంపాదించే పిల్లను 'నూరు యెన్‌ల పిల్ల' అని గొప్పగా చెప్పుకునేవారు. సినిమాలో మినె అనే పిల్ల అట్లాంటిది. ఆ పిల్ల నిజంగా ఉండేది. ఒళ్ళు పాడైతే మిల్లువాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మని కబురు పెట్టారు. అన్న వచ్చి, చెల్లెను వీపు మీద మోసుకుంటూ కొండలు ఎక్కాడు. కనుమ మీదికి చేరి, సొంత ఊరి దిక్కు కనబడగానే ఆ పిల్ల ప్రాణం పోయింది. 1909 నవంబరులో జరిగింది ఇది.

శిగెమి యమమోతో అనే రచయిత అప్పటికి బతికి ఉన్న మిల్లు ముసలమ్మలను వందల మందిని వెతికి మాట్లాడించి, 1968లో పుస్తకం అచ్చు వేశాడు. సినిమాకు అదే ఆధారం. ఆ ముసలమ్మల్లో చాలామంది మిల్లుకు పోయినందుకు బాధపడలేదని చెప్పారట. ఇంట్లో తెల్లన్నం దొరకదు, మిల్లులో దొరికింది, ఇంటికి డబ్బు తెచ్చాం అన్నారట. మనుమరాలికి ఇది నమ్మబుద్ధి కాలేదు. "అంత బాధ పెట్టినంక గూడ మంచిగుండెనా?" అన్నది. నేను నమ్మాను. నన్ను ఎవరైనా అడిగితే నేనూ అదే చెబుతాను. మొదటి పగార్ తెచ్చి మా అత్త చేతిలో పెట్టిన రోజు ఇంట్లో నా గొంతు కొంచెం పెద్దదైంది. కాని ఆ మినె అట్లా చెప్పడానికి బతికి లేదు కదా. బతికినవాళ్ళు చెప్పినదే మనకు వినబడుతుంది.

అప్పట్లో జపాను విదేశాలకు అమ్మిన సరుకులో పట్టుదే పెద్ద వాటా. ఈ పిల్లల వేళ్ళ మీద వచ్చిన డబ్బుతోనే దేశం యంత్రాలు కొన్నది, యుద్ధ ఓడలు కొన్నది. 1929 తర్వాత అమెరికాలో గిరాకీ పడిపోయి పట్టు ధర కూలింది. త్సునే మల్బరీ తోట ఎందుకు అమ్ముకుందో, అమ్మినా చేతికి ఎంత వచ్చి ఉంటుందో అప్పుడు నాకు అర్థమైంది.

ఇక ఓజు సినిమాల్లో అందరూ గొప్పదనేది 'టోక్యో కథ', 1953. ఒనొమిచి అనే ఊరి నుంచి ముసలి భార్యాభర్తలు టోక్యోలో పిల్లలను చూడటానికి పోతారు. కొడుకు డాక్టరు, కూతురికి బ్యూటీ పార్లరు. ఎవరికీ తీరిక లేదు. అతామి అనే వేడినీటి బుగ్గల ఊరికి వాళ్ళను పంపించేస్తారు, అక్కడ రాత్రంతా గోలతో నిద్ర లేదు. యుద్ధంలో చనిపోయిన కొడుకు భార్య ఒక్కతే వాళ్ళను ఆదరిస్తుంది. ఇంటికి పోయాక తల్లి చనిపోతుంది. మన 'బడిపంతులు' చూసినవాళ్ళకు ఈ బాధ తెలుసు. కాని 'బడిపంతులు' చూస్తుంటే కొడుకుల మీద పళ్ళు కొరుకుతాం. ఇందులో ఎవరి మీదా కోపం రాదు. ఆ కూతురు అంత్యక్రియలు కాగానే తల్లి చీరలు నాకిది, నాకది అని అడుగుతుంది. అడిగే ముందు నిజంగానే ఏడ్చింది. రెండూ నిజమే.

ఇంకొక విచిత్రం. ఇందులో డెబ్బై ఏళ్ళ తండ్రిగా వేసినది చిషు ర్యూ. అప్పటికి ఆయనకు యాభై కూడా నిండలేదు. మన గుమ్మడి గారు తనకన్నా పెద్దవాళ్ళకు తండ్రిగా వేసినట్టు. 'ఒక్కగానొక్క కొడుకు'లో మాంసం వేపే పంతులు కూడా ఈయనే. నేనే ముందు గుర్తు పట్టాను. ఆ నవ్వు దాగదు.

'బోసి దీవి' అని ఇంకొకటి ఉంది, 1960లో కానెతో షిందో తీసినది. దీనికి మనుమరాలి అవసరమే పడలేదు, మాటలు దాదాపు లేవు. ఒక చిన్న దీవి, మంచినీళ్ళు లేవు. మొగుడూ పెళ్ళాం పక్క దీవి నుంచి పడవలో నీళ్ళు తెచ్చి, కావడితో కొండ మీదికి మోసి, మొక్క మొక్కకు పోస్తారు. పోసిన నీళ్ళను మట్టి పీల్చేస్తుంది, మళ్ళీ పోతారు. సినిమా అంతా ఇదే. ఒకసారి ఆమె కాలు జారి కడవ ఒలికిపోతుంది. మొగుడు వచ్చి చెంప మీద కొడతాడు. ఆమె ఏమీ అనదు. తర్వాత పెద్ద కొడుకు జబ్బు చేసి చనిపోతాడు. కొన్నాళ్ళకు ఆమె ఉన్నట్టుండి నీళ్ళ కడవను తనే పారబోసి, మొక్కలు పీకి, నేల మీద పడి ఏడుస్తుంది. మొగుడు ఈసారి కొట్టడు. నిలబడి చూస్తాడు. చూసి మళ్ళీ నీళ్ళు పోయడం మొదలు పెడతాడు. కాసేపటికి ఆమె కూడా లేస్తుంది. 1972 కరువులో మా అమ్మ వెంట బిందె పట్టుకొని తిరిగిన నాకు ఆ కావడి బరువు ఎవరూ చెప్పనవసరం లేదు. ఈ సినిమాకు మాస్కోలో పెద్ద బహుమతి వచ్చింది. షిందో నూరేళ్ళు బతికాడు.

సరే, ఆ మాటకు వస్తాను.

'ఒక్కగానొక్క కొడుకు'లో ఆ రాత్రి గొడవ తర్వాత కోడలు తన బట్ట అమ్మి డబ్బు తెస్తుంది, అత్తను ఎక్కడికైనా తిప్పి తీసుకురమ్మని. బయలుదేరబోతుంటే పక్కింటి పిల్లవాణ్ణి గుర్రం తంతుంది. కొడుకు వాణ్ణి ఎత్తుకొని ఆస్పత్రికి పరుగెత్తుతాడు, ఆ డబ్బు ఆ పిల్లవాడి తల్లి చేతిలో పెడతాడు. అది చూసి త్సునే, నీకు డబ్బు రాకపోవడమే మంచిదైందేమో అని కొడుకును మెచ్చుకుంటుంది. మనుమడికని కొంత డబ్బు విడిచి ఊరికి పోతుంది. కథ అక్కడ అయిపోతే బాగుండును.

ఓజు అక్కడ వదలడు. మళ్ళీ ఆ మిల్లు. త్సునే పని చేస్తుంటుంది. తోటి ఆమె, కొడుకు ఎట్లా ఉన్నాడని అడుగుతుంది. త్సునే నవ్వుతూ, చాలా గొప్పవాడయ్యాడు, మంచి కోడలు వచ్చింది అని చెబుతుంది. చెప్పి బకెట్టు పట్టుకొని మిల్లు వెనక్కి పోతుంది. ఒక్కతే కూర్చుంటుంది. అప్పుడు ఆమె ముఖంలోంచి నవ్వు దిగిపోతుంది. చివరగా మిల్లు గేటు కనబడుతుంది. పెద్ద గేటు, మూసి ఉంటుంది.

మనుమరాలు అడిగినది: "నానమ్మా, కొడుకుతోని మంచిగ మాట్లాడొచ్చింది గద, మళ్ళ ఆమెతోని ఎందుకట్ల అబద్ధం చెప్పింది?"

ఈ పత్రిక చదివే అక్కలకు, వదినలకు, మా ఖాతాలో చేసినవాళ్ళకు నేను ఎన్నిసార్లు చెప్పానో గుర్తుండే ఉంటుంది: మావాడు పూనాలో పెద్ద కంపెనీల ఇంజనీరు అని. 2008లో నేను మొదటిసారి పూనా పోయాను. రేకుల గది. నలుగురు ఇండ్లకు ఒక్క నల్లా. వాడు కంపెనీలోనే ఉన్నాడు, అబద్ధం కాదు. కాని గుత్తేదారు కింద, ప్యాకింగ్‌లో, రాత్రి పాళీ. డిప్లొమా కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి ట్రంకులో అడుగున ఉంది. ఆదివారం నాడు శనివార్ వాడా చూపించాడు, దగడూశేట్ గణపతి గుడికి తీసుకుపోయాడు, పావ్ భాజీ తినిపించాడు, నాకు చీర కొన్నాడు. నేను త్సునే లాగా రాత్రి లేచి నిలదీయలేదు. నిలదీయకపోవడమే నా గొప్ప అనుకున్నాను. ఇంటికి వచ్చాక వాడు పక్కింటి ఫోనుకు చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేసేదాన్ని. ఆరు నెలలు అట్లా చేశాను. ఇటు గల్లీలో మాత్రం ఆ చీర కట్టుకొని తిరిగి, అందరికీ ఇంజనీరు కథే చెప్పాను. జీతం ఎంత అని ఎవరైనా అడిగితే నవ్వేదాన్ని.

ఆ పిల్ల వాడి బిడ్డే. ఇక్కడ నా దగ్గర ఉండి చదువుతున్నది. వాళ్ళ నాన్న ఏం చేస్తాడో దానికి తెలుసు. గల్లీలో నేను ఏం చెబుతానో కూడా తెలుసు. తెలిసి అడిగిందో, తెలియక అడిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. "బియ్యంల రాళ్ళున్నయి" అని చాట దగ్గరికి లాక్కున్నాను.

దీపావళి ముందు మావాడు వచ్చాడు. ఆ కంపెనీ పని ఎప్పుడో పోయింది. ఇప్పుడు అద్దె టెంపో నడుపుతాడు. పండుగల ముందు ఇక్కడి చాదర్లు, టవల్లు పూనాకు తోలే లోడు దొరుకుతుంది, దానితో వస్తాడు. రాత్రి భోజనం అయ్యాక నేనే మనుమరాలితో ఆ సినిమా పెట్టమన్నాను. వాడు పడుకొని చూస్తున్నాడు, నిద్రపోతాడనుకున్నాను. కొడుకు తోటివాళ్ళ దగ్గర అప్పు అడిగేచోట లేచి కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు పూనా వచ్చినప్పుడు నేను గూడ పదిహేను వందలు అప్పు చేసిన" అన్నాడు.

"చీర?"

"చీర గూడ అండ్లదే."

తర్వాత ఏమీ మాట్లాడలేదు. చివరిదాకా చూశాడు. గేటు వచ్చాక మనుమరాలు ఫోను ఆపింది.

"నువ్వు గూడ గిట్లనే చెప్పినవు గద గల్లీల?" అన్నాడు.

"చెప్పిన."

"నాకెర్కే. అందరు ఇంజనీర్ సాబ్ అంటరు. అందుకే టెంపో గల్లీలకు తేను. అటు రోడ్డు మీద పెట్రోల్ పంపు కాడ పెట్టి నడిచొస్త. ఏండ్ల సంది."

నేను అనుకున్నాను, గల్లీ ఇరుకు కాబట్టి అక్కడ పెడతాడని. రాత్రుళ్ళు రెండు సంచులు మోసుకుంటూ వచ్చేవాడు. ఒకసారి వానలో తడిసి వస్తే, బస్సు దిగి ఆటోలో రావద్దా అని నేనే తిట్టాను.

పొద్దున్నే టెంపో ఇంటి ముందుకు తెమ్మన్నాను. వద్దన్నాడు. తెమ్మన్నాను. నాలుగు స్కూటర్లు జరిపించి, గోడకు అద్దం గీసుకోకుండా వెనక్కి వెనక్కి తెచ్చి మా గడప ముందు నిలిపాడు. చప్పుడుకు ఎదురింటి వదిన బయటికి వచ్చింది. మేమిద్దరం ఒకే ఖాతాలో పన్నెండేళ్ళు పక్కపక్కన నిలబడ్డవాళ్ళం.

"ఎవరిదే టెంపో?" అన్నది.

"మావాడిది" అన్నాను.

"అద్దెది, అత్తా" అన్నాడు వాడు లోపలి నుంచి.

ఆమె కాసేపు చూసింది. టవల్ లోడు పూనాకు ఎంత తీసుకుంటావని వాణ్ణి అడిగింది. వాళ్ళ అల్లుడి కార్ఖానాలో మూడు గట్టాలు పంపేవి ఉన్నాయట.